పేగుకు పడిన దొంగదారి – నాడీవ్రణ చికిత్స చరిత్ర



తిరువళ్ళూరు బస్టాండులో దిగి చుట్టూ చూసినవారికి గోడల మీద ఒక ప్రకటన తరచు కనిపిస్తుంది. అరవంలో 'మూలం, పౌత్తిరం' అని రాసి ఉంటుంది. తిరుత్తణి దాటి నగరి, పుత్తూరు వైపు పోతే అదే ప్రకటన తెలుగులో 'మొలలు, భగందరం' అవుతుంది. భాష మారింది గాని జబ్బు మారలేదు. ఎల్లలు మనుషులు గీసుకున్నవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు రెవెన్యూ కాగితాలు మారాయి గాని, మన పొట్టలూ పేగులూ మారలేదు కదా!

ఆ గోడల మీద రాసి ఉన్నా మనం నోటితో పలకడానికి సిగ్గుపడే ఆ జబ్బును గురించీ, దానికన్నా ప్రమాదకరమైన దాని దాయాదిని గురించీ ఈనాడు కొంచెం ముచ్చటించుకుందాం. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులుని. అయినా ఈ విషయం చెప్పడానికి నాకొక కారణం ఉంది. అది మా ఇంటి కారణం. ముందు జబ్బేమిటో చెప్పి తర్వాత అక్కడికి వస్తాను.

మన శరీరంలో పేగు ఒక మూసిన కాలువ. నోటి దగ్గర మొదలై మలద్వారం దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఎక్కడా బయటికి దారి లేదు. ఏ కారణం చేతనైనా పేగుకు చిల్లి పడి, అందులోని రసం కండను తొలుచుకుంటూ వచ్చి చర్మం మీద తెరుచుకుంటే, అది దొంగదారి అవుతుంది. మన పాత వైద్య గ్రంథాలు ఇటువంటి దారి చేసుకున్న పుండును నాడీవ్రణం అన్నాయి. నాడి అంటే ఇక్కడ గొట్టం. ఇంగ్లీషు డాక్టర్లు ఫిస్టులా అంటారు. ఆ లాటిన్ మాటకూ గొట్టం, పిల్లనగ్రోవి అనే అర్థాలు. దూరదేశాలవారు ఒకే పుండును చూసి ఒకే పోలిక చెప్పుకున్నారు.

ఈ దారి మలద్వారం పక్కన తెరుచుకుంటే అది భగందరం. బాధ పెడుతుంది, ఏళ్ళ తరబడి చీము కారుస్తుంది, కాని సాధారణంగా ప్రాణం తీయదు. పొట్ట మీద తెరుచుకుంటే సంగతి వేరు. అక్కడ బయటికి వచ్చేది అన్నాన్ని అరిగించే రసం. అన్నాన్ని అరిగించే రసం చర్మాన్ని మాత్రం విడిచిపెడుతుందా? దాన్నీ అరిగించడం మొదలుపెడుతుంది.

ఇక మా ఇంటి మాట. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా చిన్నాయనకు అపెండిక్స్ పగిలి, పట్నంలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన పది రోజులకు కుట్ల సందున పచ్చటి నీరు కారసాగింది. మొదట చీము అనుకున్నారు. ఒకరోజు దానిలో మెతుకు లాంటిది కనిపించింది. ఇంట్లో అందరూ బిక్కచచ్చిపోయారు. మా అవ్వ తలుపు వేసి, "ఈ మాట గడప దాటకూడదు" అంది. ఎందుకంటే చిన్నాయనకు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు.

ఇరుగుపొరుగు అడిగితే మా వాళ్ళు అరవంలో 'వయిత్తుప్పుణ్ణు' అని చెప్పేవారు. పొట్టలో పుండు అని. అబద్ధం కాదు, నిజమూ కాదు. అరవంలో ఆ మాటకు జనం చెప్పుకునే అర్థం కడుపులో అల్సరు. అందుకని వచ్చినవారంతా అల్సరుకు చెప్పే సలహాలే చెప్పారు. కారం మానమన్నారు, మజ్జిగ తాగమన్నారు, కడుపును కాస్త ఎండబెట్టమన్నారు. చిన్నాయన ఆ ఎండబెట్టడమే పట్టుకున్నాడు. తింటే కారుతుంది, తినకుంటే కారదు. మా అవ్వ కూడా "ఓటి కుండలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా నాయనా" అనేది. నెల తిరిగేసరికి మనిషి ఎముకల గూడు అయ్యాడు.

శ్రోతలారా, 'ఓటి కుండలో నీళ్ళు పొయ్యడం దేనికి' అన్న మా అవ్వ ఆలోచన ఆమె ఒక్కదానిది కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద వైద్యులు కూడా దాన్ని దాటి రావడానికి చాలా కాలం పట్టింది. ఆ కథే ఇప్పుడు చెబుతాను.

మన దేశంలో శస్త్రవైద్యానికి ఆదిగ్రంథమని చెప్పదగ్గ సుశ్రుత సంహిత, నయం చేయడానికి మహా కష్టమైన ఎనిమిది జబ్బులను పేర్కొని వాటిని మహాగదాలు అన్నది. వాతవ్యాధి, ప్రమేహం, కుష్ఠం, మొలలు, మూత్రపు రాయి అయిన అశ్మరి, అడ్డం తిరిగిన గర్భం, ఉదర రోగాలు, వీటితో పాటు భగందరం. అంటే వైద్యుడు చేతులెత్తేసే జబ్బుల వరుసలో దాన్ని కూర్చోబెట్టారు. అందులో ఐదు రకాలు చెప్పారు. ఒంటె మెడలా వంకరగా ఉండేది ఉష్ట్రగ్రీవం, శంఖపు సుళ్ళలా తిరిగేది శంబుకావర్తం, జల్లెడలా చిల్లులు పడేది శతపోనకం. పేర్లు వింటేనే వాళ్ళు ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది.

అదే గ్రంథంలో ఇంకొక ముచ్చట ఉంది. పేగుకు చిల్లి పడితే పొట్ట కోసి, పేగు బయటికి తీసి, చిల్లి అంచులను దగ్గర చేర్చి పెద్ద నల్లచీమల చేత కరిపించాలి. చీమ పట్టు పట్టగానే దాని మొండెం తుంచేయాలి. తల అక్కడే ఉండి కుట్టులా పని చేస్తుంది. తర్వాత పేగును లోపలికి చేర్చి పొట్ట కుట్టాలి. మత్తుమందు లేని రోజుల్లో ఎంతమంది బ్రతికారో గాని, చిల్లి పడ్డ పేగును మూయాలి అన్న ఆలోచన వాళ్ళకు అప్పటికే ఉంది.

భగందరానికి సుశ్రుతుడు కత్తి, క్షారం, అగ్ని చెప్పాడు. పదకొండో శతాబ్దంలో చక్రపాణిదత్తుడు మందు పూసిన దారాన్ని వివరించాడు. దాన్నే క్షారసూత్రం అంటారు. ఈనాడు దాన్ని చేసే పద్ధతి వింటే మన చేను గట్టు గుర్తుకు వస్తుంది. గట్టి నార దారానికి జెముడు పాలు పదకొండు పూతలు, జెముడు పాలతో కలిపి ఉత్తరేణి క్షారం ఏడు పూతలు, పసుపు మూడు పూతలు. మొత్తం ఇరవై ఒకటి. ఆ దారాన్ని దొంగదారిలోంచి దూర్చి ముడి వేస్తారు. వారానికోసారి మారుస్తారు. అది మెల్లగా కోసుకుంటూ పోతుంది, కోసిన వెనుక వెనుకే కండ పూడుతుంది.

మరుగున పడిన ఈ పద్ధతిని 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దేశ్‌పాండే, శంకరన్ మొదలైనవారు మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి దీన్ని మామూలు శస్త్రచికిత్సతో పోల్చి పరీక్షించి, 1991లో ఫలితాలు ప్రకటించింది. దారం పద్ధతిలో మానడానికి సుమారు 8 వారాలు పట్టింది, కత్తి పద్ధతిలో 4 వారాలే. కాని ఏడాది తర్వాత చూస్తే, జబ్బు తిరగబెట్టినవారు దారంలో నూటికి 4, కత్తిలో నూటికి 11. ఆలస్యమైనా నిలిచిన పని అన్నమాట. అయితే ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈ దారం మలద్వారం పక్కన పుట్టే భగందరానికే. పొట్ట మీద తెరుచుకున్న పేగుకు ఎవరైనా దారం కడతామంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

దారం ఆలోచన మనదొక్కరిదే కాదు. ప్రాచీన గ్రీకు వైద్యులు గుర్రపు వెంట్రుకతో కలిపిన దారం వాడారు. ఇక ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి ఈ జబ్బు వచ్చినప్పుడు, ఫెలిక్స్ అనే శస్త్రకారుడు ప్రత్యేకంగా ఒక వంపు కత్తి చేయించుకుని, ముందుగా పేద రోగుల మీద చేయి తిప్పుకుని, 1686 నవంబరు 18న రాజుకు ఆపరేషన్ చేశాడు. రాజు కోలుకున్నాడు, ఫెలిక్సుకు బహుమానాలు ముట్టాయి. చేయి తిప్పుకోవడానికి పనికివచ్చిన ఆ పేదల పేర్లు మాత్రం చరిత్రకు అక్కర్లేకపోయాయి.

పేదవాడి పుండు ఇంకొకరి కీర్తికి పనికిరావడం అంతటితో ఆగలేదు. 1822 జూన్ 6న అమెరికాలో మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలివాడికి దగ్గరనుంచి తుపాకి పేలి జీర్ణాశయానికి చిల్లి పడింది. బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు అతణ్ణి బ్రతికించాడు, కాని చిల్లి మూసుకోలేదు. ఆ చిల్లిలోంచి పట్టుదారానికి కట్టిన మాంసం ముక్కలు లోపలికి దించి, ఎంతసేపట్లో ఎంత అరిగిందో చూస్తూ ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. 1833లో పుస్తకం వేశాడు. అన్నం కడుపులో ఎలా అరుగుతుందో లోకానికి సరిగ్గా తెలిసింది ఆ చిల్లి వల్లనే. సెయింట్ మార్టిన్ 1880 దాకా బ్రతికాడు. చనిపోయాక డాక్టర్లు ఎక్కడ శరీరాన్ని ఎత్తుకుపోతారో అని ఇంటివారు భయపడి, శవం పాడయ్యేదాకా ఉంచి, లోతుగా గొయ్యి తీసి పూడ్చారు. బ్రతికినన్నాళ్ళూ తెరుచుకునే ఉన్న మనిషిని కనీసం అప్పుడైనా మూసిపెట్టాలనుకున్నారు కాబోలు.

మరి మన చిన్నాయన జబ్బు సంగతి? పేగు నుంచి పొట్ట మీదికి పడే దారి ఎక్కువగా ఆపరేషన్ తర్వాతే వస్తుంది. నాలుగింట మూడు వంతులు అలాంటివే. అంతమాత్రాన ప్రతిసారీ అది డాక్టరు తప్పే అనుకోకూడదు. లోపల కుళ్ళి ఉన్న పేగు కుట్టు నిలవకపోవచ్చు. మిగిలినవి క్షయ, టైఫాయిడ్ వల్ల పడే చిల్లులు, క్రోన్స్ అనే పేగు వాపు, క్యాన్సరు, దెబ్బలు.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వారు 1960లో 157 మంది ఇటువంటి రోగుల లెక్క తీశారు. నూటికి 43 మంది చనిపోయారు. అంత పెద్ద ఆస్పత్రిలోనే అంతమందా అంటే, కారణాలు మూడు. ఒంట్లోని నీరూ ఉప్పులూ కారిపోవడం ఒకటి. లోపల చీము చేరి రక్తానికి విషమెక్కడం రెండు. తిండి లేక శుష్కించడం మూడు. చిల్లి చంపదు, ఈ మూడూ చంపుతాయి.

అప్పటిదాకా డాక్టర్ల చూపంతా చిల్లి మీదనే. వెంటనే కోసి మూసేద్దామనే తొందర. బలం లేని ఒంట్లో, కుళ్ళిన పొట్టలో వేసిన కుట్టు మళ్ళీ ఊడేది. 1964లో చాప్‌మన్, ఫోరాన్, డన్ఫీ అనేవారు పనికి ఒక వరుస పెట్టారు. ముందు నీరు, రక్తం సరిచేయాలి. చీము బయటికి తీయాలి. కారేదాన్ని పట్టి చర్మాన్ని కాపాడాలి. తర్వాత కడుపునిండా ఆహారం అందించాలి. చివరికి, అవసరమైతేనే, కత్తి. ఆహారం సరిగ్గా అందినవారే ఎక్కువగా బ్రతికారని వాళ్ళు చూపించారు.

కాని తింటే కారిపోతుంది కదా, ఆహారం ఎలా అందించాలి? ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ అనే యువ వైద్యుడు పేగును పక్కకు పెట్టి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పూర్తి ఆహారాన్ని ద్రవరూపంలో ఎక్కించే మార్గం కనిపెట్టాడు. ముందు కుక్కపిల్లలు ఆ ఆహారంతోనే పెరిగాయి. 1967లో పేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక పసిబిడ్డ కూడా దానితో పెరిగింది. 1973లో డడ్రిక్ బృందం 62 మంది ఫిస్టులా రోగుల ఫలితాలు చెప్పింది. నూటికి ఏడుగురి లోపే చనిపోయారు. పడిన దారుల్లో నూటికి డెబ్భై కత్తి పెట్టకుండానే మూసుకున్నాయి. అన్ని ఆస్పత్రులకూ అంత మంచి ఫలితాలు రాలేదు. అయినా ఓటి కుండ సామెతకు జవాబు దొరికింది.

ఇక చీము సంగతి. దీనిలో మన తెలుగువారి చేయి ఉంది. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగు జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే అక్కడ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ కనుగొన్నాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. ఇటువంటి మందులు వచ్చాకనే పొట్టలోని చీముతో డాక్టర్లు ధైర్యంగా పోరాడగలిగారు. అయితే చేరిన చీమును బయటికి తీయకుండా మందు ఒక్కటే ఇస్తే చాలదు.

మూడోది చర్మం. ఇక్కడ మన అడవులు గుర్తుకు వస్తాయి. తూర్పు కనుమల్లో, నల్లమలలో తపసి చెట్టు ఉంటుంది. తెల్లటి నున్నని మాను, ఎండాకాలంలో ఆకు రాల్చి మునిలా నిలబడుతుంది. దాని బంకను గిరిజనులు ఏరి తెచ్చి అమ్ముతారు. విశాఖపట్నంలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో అది ముఖ్యమైనది. పైదేశాలవారు దాన్ని కరాయా బంక అంటారు. కట్టుడు పళ్ళు అతికించడానికి వాడేవారు. 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే శస్త్రవైద్యుడు ఆ బంకపొడి తడి తగిలితే జిగురు ముద్దై, ఒరుసుకుపోయిన చర్మాన్ని కప్పి ఉంచుతుందని గుర్తించి వాడాడు. పొట్ట మీద సంచి అతికించడం దానితో సుళువైంది. ఆయనకు తోడు నిలిచిన నార్మా గిల్ తానే ఒక రోగి. పొట్ట మీద ద్వారంతో జీవిస్తూ, మిగతా రోగులకు సంచి ఎలా పెట్టుకోవాలో నేర్పడమే వృత్తిగా చేసుకుంది. నర్సులలో ఒక కొత్త శాఖ ఆమెతో మొదలైంది.

ఈ బంక లోకానికి ప్రధానంగా వెళ్ళింది మన దేశం నుంచే. ఆంధ్ర అడవులు దానికి పేరుమోసినవి. అడవిలో బంక ఏరిన గిరిజన స్త్రీకి అది ఎవరి పొట్టను కాపాడిందో తెలియదు. సంచి పెట్టుకున్న రోగికి ఆ బంక ఏ చెట్టుదో తెలియదు. 1970ల నుంచి పెక్టిన్, జెలటిన్ కలిపిన కొత్త పట్టీలు వచ్చి దాని చోటును చాలావరకు తీసుకున్నాయి. గొడ్డలితో లోతుగా నరికినచోట చెట్లు చచ్చిపోతే, చిన్న గాటుతో తీసే పద్ధతి గిరిజనులకు నేర్పవలసి వచ్చింది. చెట్టుకైనా మనిషికైనా గాటు హద్దులో ఉండాలి.

మళ్ళీ చిన్నాయన దగ్గరికి వస్తాను. మా నాయన చివరికి అవ్వ మాట కాదని, మద్రాసులో ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. తిరుత్తణి స్టేషనులో రైలెక్కేటప్పుడు చిన్నాయన లుంగీ పైన రెండు తువ్వాళ్ళు చుట్టి, వాసన తెలియకుండా విభూతి పొట్లం దగ్గర పెట్టుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరు అరవంలో అడిగాడు, నాయన అలవాటుగా 'వయిత్తుప్పుణ్ణు' అన్నాడు. డాక్టరు తువ్వాలు తీసి చూసి, "ఇది పుణ్ణు కాదు, ఓట్టై" అన్నాడు. ఓట్టై అంటే చిల్లి. ఆ ఒక్క మాటతో వైద్యం మారిపోయింది.

లోపలి చీమును గొట్టం పెట్టి తీశారు. చర్మానికి మందు పూసి సంచి అతికించారు. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి ఆహారం మొదలుపెట్టారు. చూడ్డానికి పోయిన మా అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఓటి కుండకు పోస్తే ఎట్లా నిలుస్తుంది తల్లీ" అని నర్సమ్మను అడిగింది. ఆమెది నెల్లూరు వైపు. "అమ్మా, ఓటి కుండను పూడ్చాలంటే మన్ను కావాలా వద్దా? ఆ మన్నే తిండి" అంది. ఇరవై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నాను గాని, అంత చక్కగా చెప్పిన పాఠం నాకింతవరకు చేతకాలేదు. ఏడు వారాలకు కారడం ఆగింది. కత్తి పెట్టలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు పెళ్ళి అయింది. పెళ్ళికి ముందు పిల్ల తండ్రికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పించింది ఎవరనుకున్నారు? మా అవ్వే.

అందరికీ అలా తనంతట తాను మూసుకోదు. రోజుకు అర లీటరు మించి కారేది, చిల్లికి దిగువన పేగులో అడ్డం ఉన్నది, క్యాన్సరు వల్ల వచ్చినది అంత తేలికగా మూయదు. అప్పుడు ఆపరేషన్ కావాలి. కాని తొందర పడకుండా, చీము తగ్గి, ఒంట్లో బలం వచ్చి, పొట్ట లోపల మెత్తబడేదాకా మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. ఆ ఆగడం డాక్టరు అశ్రద్ధ కాదు, అదీ వైద్యమే.

కనుక నాలుగు మాటలు గుర్తుంచుకోండి. పొట్ట ఆపరేషన్ అయిన కొద్దిరోజులకు జ్వరం, నొప్పి, కుట్ల దగ్గర పచ్చటి నీరు, మలం వాసన కనిపిస్తే ఆ రోజే ఆపరేషన్ చేసిన చోటికి పోండి. బూడిద, పొగాకు, కిరోసిన్ వంటివి పెట్టకండి, గుడ్డ కుక్కకండి. డాక్టరు చెప్పకుండా పస్తు ఉండకండి. రోజుకు ఎంత కారుతోందో గిన్నెతో కొలిచి రాసుకోండి, ఆ లెక్క డాక్టరుకు ఎంతో ఉపకారం. భగందరానికి గోడల మీద ప్రకటన చూసి పోకుండా, చదువుకున్న శస్త్రవైద్యుడికో, క్షారసూత్రంలో తర్ఫీదు పొందిన ఆయుర్వేద వైద్యుడికో చూపించండి. మన తిరువళ్ళూరులోనే 2022 జనవరి 12న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. పట్నం రైలెక్కేముందు అడగడానికి ఒక చోటు దగ్గరలోనే ఉంది.

తిరువళ్ళూరులో వెలసిన స్వామి వైద్య వీరరాఘవుడు. అహోబిల మఠం ఆధీనంలోని ఆ కోవెలకు అమావాస్య నాడు రెండు భాషలవాళ్ళూ వస్తారు, కోనేటిలో బెల్లం కరిగిస్తారు. బెల్లంలాగే జబ్బూ కరగాలని మొక్కుకుంటారు. మొక్కండి, తప్పులేదు. దేవుడి ముందు మనం దాచుకునేది ఏమీ ఉండదు కదా. అదే నిజాయితీతో డాక్టరు ముందు తువ్వాలు తీసి, జబ్బును దాని పేరుతో చెప్పండి. తెలుగులో చెప్పినా సరే, అరవంలో చెప్పినా సరే. దాచిన చిల్లి పెరుగుతుంది, చూపిన చిల్లికే మన్ను దొరుకుతుంది.